నలభై ఏళ్ల కెన్‌వర్త్‌ను నడపాలంటే

మెల్‌బోర్న్‌కు కొత్తగా వచ్చి లారీ పనిలో దిగాలనుకునే మన కుర్రాళ్లు నన్ను ముందు జీతం గురించి అడుగుతారు, తర్వాత ఏ కంపెనీ మంచిదని అడుగుతారు. పాత బండి నేర్పమని అడిగేవారు ఏడాదికి ఒకరో ఇద్దరో తగులుతారు. ఇది వారి కోసం.

వారమంతా నేను నడిపేది కొత్త ఆటోమేటిక్ బండి. గేర్లు అదే మార్చుకుంటుంది, వరుస తప్పితే కూత పెడుతుంది, సీటు గాలి మీద తేలుతుంది. నడుముకు అదే మంచిదని అడిగినవారికి నేనే చెబుతాను. గడ్డి కోతలు మొదలైతే మాత్రం సెలవు పెట్టి ఉత్తర విక్టోరియాలో ఎచూకా దగ్గర ఒక రైతు లారీ ఎక్కుతాను. అది 1980ల నాటి కెన్‌వర్త్ ఎస్‌ఏఆర్. మెల్‌బోర్న్ తూర్పు శివారులోని బేస్‌వాటర్‌లో కెన్‌వర్త్ ఫ్యాక్టరీ 1971 నుంచి బళ్లు చేస్తోంది. పొట్టి ముక్కు, కుడివైపు స్టీరింగ్‌తో ఈ దేశపు కొలతల చట్టాలకు తగినట్టు గీసిన బండి ఈ ఎస్‌ఏఆర్.

ఇంత పాతది ఇంకా ఎందుకు తిరుగుతోందని అడగవచ్చు. లెక్క చాలా సులువు. ఏడాదిలో మూడు నెలలే పని ఉండే లారీకి కొత్త బండి అప్పు కట్టడం రైతుకు గిట్టదు. దీని అప్పు ఎప్పుడో తీరిపోయింది. కేబిన్ అల్యూమినియంది కాబట్టి తుప్పు భయం తక్కువ. ఇంజను కమిన్స్ 855, అంటే పద్నాలుగు లీటర్ల ఆరు సిలిండర్లది. దానికి సామాను ఇప్పటికీ దొరుకుతుంది, పల్లెల్లోని ముసలి మెకానిక్కులు దాన్ని కళ్లు మూసుకుని విప్పుతారు. కంప్యూటర్ లేదు కాబట్టి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చే మనిషి కోసం రోడ్డు పక్కన ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇలాంటి బండి మీద ఏ పనైనా ముందే చేయాలి. గేరు, బ్రేకు, కట్టు, విరామం, దేన్ని ఆలస్యం చేసినా అది ఒప్పుకోదు. కింద నేను చెప్పేదంతా చివరికి ఎప్పుడు చేయాలన్న సంగతే.

లైసెన్సు

మన దేశపు లైసెన్సును మార్చుకుంటే ఇక్కడ కారుకే చెల్లుతుంది. లారీ లైసెన్సులు మెట్లు మెట్లుగా వస్తాయి. కారు లైసెన్సు చేతికొచ్చి రెండేళ్లు నిండితే ఒకే ఛాసిస్ ఉన్న పెద్ద లారీకి హెచ్‌ఆర్, అది ఒక ఏడాది నడిపాక ట్రైలరు లాగే హెచ్‌సీ, లేదా నేరుగా రెండు, అంతకు మించి ట్రైలర్లు లాగే బీ-డబుల్, రోడ్ ట్రెయిన్ నడిపించే ఎంసీ. ఈ ఎస్‌ఏఆర్ ఒక్క ట్రైలరునే లాగుతుంది కాబట్టి హెచ్‌సీ చాలు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి చెప్పాలి. త్వరగా అయిపోతుందని ఆటోమేటిక్ బండి మీద పరీక్ష ఇస్తారు. అప్పుడు లైసెన్సు మీద షరతు పడుతుంది. సింక్రో, అంటే గేరు పళ్ల వేగాలను తనే కలిపే ఏర్పాటు, లేని గేరుబాక్సు ఉన్న బండి ఎక్కడానికి చట్టం ఒప్పుకోదు. పాత బళ్ల మీద ఏమాత్రం మనసున్నా, ఇంకో రెండు పాఠాల డబ్బు పెట్టి, సింక్రో లేని రోడ్‌రేంజర్ గేరుబాక్సు మీదే పరీక్ష ఇవ్వండి. ఒకసారి ఇస్తే ఏ గేరుబాక్సైనా నడపవచ్చు. లైసెన్సు పాఠశాలలు ఈ సంగతి తమంతట తాముగా చెప్పవు, మీరే అడగాలి.

పొద్దున్నే బండి చుట్టూ

మన దగ్గర డ్రైవరుతో క్లీనరు ఉంటాడు. ఇక్కడ క్లీనరు, డ్రైవరు, హమాలీ అన్నీ మీరే. తెల్లవారక ముందే టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరగాలి, ఎప్పుడూ ఒకే దిక్కుగా. నేను డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టి ఎడమ చేతి వైపు పోతాను. ఒకే దారిన తిరిగితే నిన్న లేని మరక కంట్లో పడుతుంది.

పాత కమిన్స్ కింద నూనె చుక్కలు ఉండటం మామూలే. చుక్కలు చూసి కంగారు పడకండి, చుక్కలు చోటు మారాయేమో చూడండి. నిన్నటిదాకా ఇంజను కింద పడుతున్న నూనె ఇవాళ వెనక చక్రం లోపలి వైపున కనిపిస్తే, చక్రం నడుమ నూనెను ఆపే హబ్బు సీలు పోయినట్టు. ఆ నూనె బ్రేకు లైనర్లకు అంటితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. అలాంటప్పుడు బండి కదపకూడదు.

ఇంజను ఆయిలు, నీళ్లు చూడటం అందరికీ తెలుసు. కమిన్స్ 855లో తెలియనిది ఒకటుంది. దీని సిలిండర్ లైనర్ల చుట్టూ నేరుగా నీళ్లే తిరుగుతాయి. ఇంజను అదురుకు ఆ లైనర్ల బయటి గోడ మీద సన్నటి బుడగలు పుట్టి పగులుతూ ఉంటాయి. నీళ్లలో రక్షణ మందు తగ్గితే ఆ బుడగలే ఉక్కును తొలిచి సూదిమొన బెజ్జాలు చేస్తాయి, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. కాబట్టి రేడియేటరులో కుళాయి నీళ్లు పోసి సరిపెట్టే అలవాటు మానుకోవాలి. కూలెంటు ఫిల్టరు ఎప్పుడు మార్చారని యజమానిని అడిగి తెలుసుకోండి.

తర్వాత బ్రేకుల గాలి. ఇంజను వేసి గేజి వంద దాటేదాకా ఆగాలి. 120 పీఎస్‌ఐ చేరువకు వచ్చేసరికి కంప్రెసరు చాలించి ‘ఫుస్స్’మంటుంది. అప్పుడు ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు తీసి, కాలితో బ్రేకు నొక్కి పట్టుకుని చెవి ఒగ్గి వినండి. చక్రాల కింద అడ్డు దిమ్మలు పెట్టాకే ఈ పని చేయాలి. బుస్సుమన్న చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో ఆ ఉదయపు నిశ్శబ్దంలో దొరికినంత సులువుగా రోజులో మరెప్పుడూ దొరకదు. ట్యాంకుల అడుగున ఉన్న తీగ లాగి నీళ్లు వదలడం మరవవద్దు. చలికాలం పొద్దున ఆ నీళ్లు గడ్డకడితే వాల్వులు మొరాయిస్తాయి.

ఇక బ్రేకు బిగింపు. కొత్త బళ్లలో అది తనంతట తానే సర్దుకుంటుంది, దాన్ని చేత్తో ముట్టుకోకూడదు కూడా. ఎస్‌ఏఆర్‌లో మాత్రం ప్రతి చక్రానికీ చేత్తో తిప్పే అడ్జస్టరే. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకు పనే చేసేవారు కాబట్టి, ఈ దేశంలో నాకు ఎవరూ నేర్పాల్సిన అవసరం రాని పని ఇదొక్కటే. దిమ్మలు పెట్టి, పార్కింగ్ బ్రేకు తీసి, చక్రం వెనక దూరండి. అడ్జస్టరు బోల్టు తల మీద ఒక గొట్టం లాంటి తొడుగు ఉంటుంది. స్పానరు దాని మీద పెట్టి లోపలికి నొక్కితేనే బోల్టు తిరుగుతుంది. బ్రేకు షూ డ్రమ్మును గట్టిగా తాకేదాకా బిగించండి. సరైన దిక్కుకు తిప్పుతుంటే, అడ్జస్టరును తోసే కడ్డీ, అంటే పుష్‌రాడ్, బయటికి రాదు, అది బయటికి లాగుతోందంటే మీరు వదులు చేస్తున్నారన్నమాట. పూర్తిగా బిగిశాక పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు వెనక్కి వదలండి. స్పానరు తీసేటప్పుడు తొడుగు టక్కుమని బయటికి వచ్చి బోల్టును పట్టుకోవాలి. రాకపోతే దారిలో బోల్టు తనే తిరిగి బ్రేకు వదులైపోతుంది. అన్ని చక్రాలూ ఒకేలా ఉండాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

గేరు

నా బండిది పదమూడు గేర్ల రోడ్‌రేంజర్. కింది వరుసలో బాగా నెమ్మదైన గేరొకటి, తర్వాత నాలుగు. పై వరుసలో నాలుగు, వాటిలో ఒక్కోటి మళ్లీ రెండుగా చీలుతుంది. గేరు కడ్డీ తల మీద రెండు మీటలు ఉంటాయి. ముందున్నది వరుస మార్చేది, పక్కన బొటనవేలికి అందేది గేరును చీల్చేది.

సింక్రో లేదంటే, పళ్ల వేగాలు కలిపే పని మీ చెవిదీ కాలిదీ. పై గేరుకు పోవాలంటే క్లచ్ నొక్కి కడ్డీని మధ్యకు తీసుకురండి. క్లచ్ వదలండి, ఇంజను తిరుగుడు తగ్గేదాకా ఆగండి, మళ్లీ క్లచ్ నొక్కి పై గేరులో పెట్టండి. ఈ ఇంజనులో నిమిషానికి 1,800 చుట్ల దగ్గర గేరు తీస్తే 1,300 చేరువకు వచ్చేసరికి కడ్డీ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. చీల్చే మీటతో అర గేరు మారితే 1,500 దగ్గరే కలుస్తుంది. కిందికి దిగేటప్పుడు దీనికి తలకిందులు: కడ్డీ మధ్యలో ఉండగా క్లచ్ వదిలి యాక్సిలరేటరు తొక్కి తిరుగుడును పైకి తేవాలి, అప్పుడు క్లచ్ నొక్కి వేయాలి. మొదటి వారం మీటరు చూస్తారు. తర్వాత మీటరు మీద దుమ్ము పడినా పట్టించుకోరు.

క్లచ్ పెడల్‌ను నేలదాకా తొక్కవద్దు. చివరి అంగుళంలో క్లచ్ బ్రేకు ఉంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మొదటి గేరో రివర్సో వేయడానికి గేరుబాక్సు తిరగడం ఆపడమే దాని పని. బండి పోతుండగా దాన్ని తొక్కితే, తిరుగుతున్న షాఫ్టును ఆ పలచటి బిళ్ల పట్టుకోబోయి విరిగిపోతుంది. దాన్ని మార్చడానికి గేరుబాక్సు దించాల్సి వస్తుంది. అందుకే కారు అలవాటున్న కాలును ముందు మాన్పించాలి. ప్రయాణంలో క్లచ్ సగం నొక్కితే చాలు.

వరుస మార్చే మీటను గేరులో ఉండగానే పైకి ఎత్తి పెట్టుకోండి. నాలుగులోంచి కడ్డీని బయటికి తీసిన క్షణంలో గాలి దాని పని అది చేసేస్తుంది, మీరు చేయాల్సింది చల్లగా ఐదులో పెట్టడమే. కడ్డీ మధ్యకు వచ్చాక మీట ఎత్తేవారు ప్రతిసారీ కరకర వింటారు. చీల్చే మీటకూ ఇంతే. ముందు బొటనవేలితో మీట జరిపి, తర్వాత యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పళ్ల మీద బరువు తగ్గి అర గేరు తనే మారుతుంది.

గేరు అందకపోతే ఏం చేయాలి? కుస్తీ పట్టవద్దు. చదునైన రోడ్డు మీదైతే బ్రేకు వేసి, వేగం తగ్గించి, చాలా కింది గేరు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఎత్తు మీదైతే దీపాలు వెలిగించి పక్కకు ఆపి మొదటి నుంచి ఎక్కండి. వెనక ఎవరు హారను కొట్టినా సరే.

ఇంజనును ఆపేముందు మూడు నాలుగు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. ఎర్రగా కాలిన టర్బో బేరింగులకు ఆయిలు అందేది ఇంజను తిరిగినప్పుడే.

కొండ దిగడం

ఎచూకా నుంచి మెల్‌బోర్న్ వైపు నార్తర్న్ హైవే మీద వస్తే, హీత్‌కోట్, కిల్‌మోర్ దాటాక వాలన్‌కు ముందు ప్రెటీ శాలీ అనే కొండ వస్తుంది. పాత హ్యూమ్ హైవే ఒకప్పుడు దీని మీదుగానే పోయేది. కొత్త బళ్లకు ఇది కొండే కాదు. నలభై టన్నుల పాత బండికి ఇది పరీక్ష. ఇక్కడ చేయాల్సినదంతా శిఖరానికి ముందే చేయాలి.

శిఖరం ఇంకా కనిపిస్తుండగానే గేరు దించండి. ఎక్కిన గేరులోనో, ఇంకొకటి కిందనో దిగాలి. దిగుడు మొదలయ్యాక గేరు మార్చబోతే కడ్డీ మధ్యలో ఉన్న ఆ రెండు సెకన్లలో బండి వేగం పెరిగిపోతుంది, ఇంజను తిరుగుడు దాన్ని అందుకోలేదు, ఏ గేరూ పడదు. అప్పుడు మీ చేతిలో మిగిలేది బ్రేకులే. నలభై టన్నులను డ్రమ్ము బ్రేకులు ఎంతసేపు పడతాయో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

జేక్ బ్రేకు స్విచ్చి వేసి ఉంచండి. దాని పని తీరు తెలిస్తే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. పిస్టను గాలిని నొక్కుతూ పైకి వస్తుంది. మామూలుగా ఆ నొక్కిన గాలి పిస్టనును తిరిగి కిందికి తోస్తుంది కాబట్టి ఖర్చైన శక్తి వెనక్కి వచ్చేస్తుంది. జేక్ బ్రేకు సరిగ్గా పిస్టను పైకి చేరే వేళకు ఎగ్జాస్టు వాల్వు తెరిచి ఆ గాలిని బయటికి వదిలేస్తుంది. నొక్కడానికి పెట్టిన శక్తి అంతా వృథా అయి, ఆ మేరకు బండి నెమ్మదిస్తుంది. ఆ టపటప చప్పుడు అదే. ఇంజను ఎంత వేగంగా తిరిగితే అన్నిసార్లు గాలి వదులుతుంది కాబట్టి, 1,300 దగ్గర జేక్ పనితనం అంతంతమాత్రం, 1,900 పైన అసలు బలం. కింది గేరు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. దీన్ని ఆలోచించింది కమిన్స్ కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్సే. 1931లో కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమలో ఆయన నడుపుతున్న లారీకి బ్రేకులు చాలక, కింద పట్టాల మీద పోతున్న రైలును వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఆ భయం మీద ఆలోచించి ఆలోచించి చేసిన బ్రేకు 1961లో జేకబ్స్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఊళ్లలోకి వచ్చేటప్పుడు దాన్ని ఆపమని బోర్డులు ఉంటాయి. ఆ ఇళ్లలో నిద్రపోయేవారిని తలచుకుని ఆపండి.

కాలి బ్రేకును అలాగే తొక్కి పట్టి ఉంచకూడదు. వేగం పెరగగానే గట్టిగా ఒకసారి తొక్కి, పది కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలేయండి. డ్రమ్ములకు ఊపిరి అందుతుంది. కొద్దికొద్దిగా తొక్కి పట్టి ఉంచితే డ్రమ్ము కాలి వ్యాకోచిస్తుంది, లైనర్లకు దూరమవుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. అద్దంలో చక్రాల దగ్గర నీలపు పొగ కనిపించిందంటే ఆలస్యమైనట్టే. అడిలైడ్‌కు దిగే సౌత్ ఈస్టర్న్ ఫ్రీవే మీద భారీ బళ్లకు గంటకు అరవై కిలోమీటర్లే హద్దు, కింది గేరు తప్పనిసరి. బ్రేకులు పోయినవారి కోసం కంకర నింపిన దారులు కూడా పక్కన ఉన్నాయి. అక్కడ జరిగిన ప్రమాదాలు చూశాకే ఈ కట్టడి తెచ్చారు.

గడ్డి కట్టడం

పెద్ద చదరపు బేలు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉంటుంది, బరువు అర టన్ను పైమాటే. నలభై అయిదు అడుగుల ట్రైలరు మీద అడ్డంగా పేరిస్తే పదకొండు వరుసలు, మూడు అంతస్తులు. ట్రైలరు నేల ఎత్తుతో కలిపి 4.2 మీటర్లు దాటదు. హద్దు 4.3 మీటర్లు. బరువు హద్దు ముందు ఇరుసుకు ఆరు టన్నులు, నడిపే జంట ఇరుసులకు పదహారున్నర, ట్రైలరు మూడు ఇరుసులకు ఇరవై, వెరసి 42.5 టన్నులు. గడ్డికి ఆ హద్దు రాదు, ఎత్తే ముందు అడ్డొస్తుంది.

కట్టు విషయంలో లెక్క తెలుసుకోండి. ఆస్ట్రేలియా లోడు కట్టే మార్గదర్శి ప్రకారం సరుకు ముందుకు జరగకుండా దాని బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కీ 50 శాతం, పైకి లేవకుండా 20 శాతం బలాన్ని కట్టు తట్టుకోవాలి. యాభై మిల్లీమీటర్ల పట్టీ మీద 2,500 కిలోలని రాసి ఉంటుంది. అది తెగకుండా మోసే బరువు. మీ చెయ్యి రాచెట్‌తో ఇచ్చే బిగువు కొన్ని వందల కిలోలే. పట్టీ మీది అంకె చూసి రెండు చాలనుకునేవారు ఈ తేడా మరిచినవారే. ప్రతి వరుసకూ పట్టీ వేయండి.

గడ్డి అణుగుతుంది. పొలంలోంచి తారు రోడ్డు ఎక్కాక ఇరవై ముప్ఫై కిలోమీటర్లకు ఒకసారి దిగి చూస్తే, బిర్రుగా మోగిన పట్టీలు చేత్తో ఊపితే ఊగుతాయి. అక్కడ ఆగి బిగించడం లోడు కట్టడంలో భాగమే. అలా ఆగినప్పుడే చక్రాల హబ్బుల దగ్గర అరచేయి చాపి చూడండి, తాకనక్కరలేదు. ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసి ఉంది. మీ వెనక ఇరవై టన్నుల ఎండు గడ్డి ఉందని గుర్తుంచుకోండి. డిసెంబరు వేడిగాలిలో ఒక్క చక్రం రగిలినా బండి మిగలదు, చుట్టుపక్కల పొలాలూ మిగలవు.

గంటలు, డైరీ, అన్నం

పన్నెండు టన్నుల పైబడిన బండితో మీ స్థావరం నుంచి వంద కిలోమీటర్లు దాటితే పని డైరీ రాయాలి. అయిదుంబావు గంటల పనికి పావుగంట విరామం, ఇరవై నాలుగు గంటల్లో పన్నెండు గంటలే పని, ఏడు గంటల ఏకబిగి విశ్రాంతి, ఏడు రోజుల్లో డెబ్బై రెండు గంటలకు మించకూడదు. లోడు ఎక్కించడం, డీజిలు పట్టడం, టైర్లు చూడటం అంతా పని కిందే లెక్క. పద్నాలుగు నిమిషాలు ఆగితే అది విరామమే కాదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాకూ నార్తర్న్ టెరిటరీకీ వేరే నియమాలున్నాయి. ‘ఇంకొక్క ట్రిప్పు, డైరీలో సర్దేద్దాం’ అనే యజమాని మన భాష మాట్లాడినా సరే, నమస్కారం పెట్టి వచ్చేయండి. జీతం కింద కాకుండా కాంట్రాక్టరుగా రాసుకుని పెన్షను సొమ్ము ఎగ్గొట్టేవారూ వీరే అయి ఉంటారు. మెల్‌బోర్న్, సిడ్నీల నడిమధ్యన టార్కట్టా అనే చిన్న ఊళ్లో రోడ్డు మీద పోయిన లారీ డ్రైవర్ల పేర్లు చెక్కిన గోడ ఉంది. అటు పోయినప్పుడు ఆగి చదవండి.

పాత బండిలో అలసట ముందే వస్తుంది. చప్పుడు ఎక్కువ, ఏసీ ఉన్నా లేనట్టే, స్టీరింగ్ పట్టుకున్న భుజాలు సాయంత్రానికి పట్టేస్తాయి. కాబట్టి చట్టం చెప్పిన హద్దుదాకా పోకండి. సైనుబోర్డు లేకుండా లారీలు ఆగే చోట్లకు ముందు రోడ్డు పక్క స్తంభాల మీద ఆకుపచ్చ మెరుపు బిళ్లలు కనిపిస్తాయి. రాత్రివేళ అవే దారి చూపుతాయి. పొద్దు గుంకే వేళా తెల్లవారుజామునా కంగారూలు రోడ్డెక్కుతాయి. అడ్డొస్తే తిన్నగా బ్రేకు వేయండి, స్టీరింగ్ తిప్పవద్దు. బండి ముందున్న కడ్డీల చట్రం, అంటే బుల్‌బార్, అందుకే ఉంది.

రేడియో నలభయ్యో చానెల్లో ఉంచండి, లారీలన్నీ అక్కడే మాట్లాడతాయి. మిమ్మల్ని దాటిన బండి తోక మీ ముక్కు దాటగానే ముందు దీపాలు ఒకసారి ఆర్పి వెలిగించండి. అతను పక్క దీపాలు కుడి ఎడమ ఆడించి కృతజ్ఞత చెబుతాడు. పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే ప్రతివాడూ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతాడు, మీరూ ఎత్తండి.

తిండికి నా సలహా పులిహోర. పొద్దున కలిపితే రాత్రిదాకా చెడదు, చేతికి అంటదు, నిద్ర రానంత మితంగా తినవచ్చు. రోడ్‌హౌస్‌ల్లో దొరికే వేపుళ్లు తిని మధ్యాహ్నం ఎండలో బండి ఎక్కితే రెప్పలు వాటంతటవే వాలతాయి. పళ్లు మాత్రం ఎటు పోతున్నారో చూసి పెట్టుకోండి. స్టర్ట్ హైవే మీద దక్షిణ ఆస్ట్రేలియాలోకి పోతే యాంబా దగ్గర తనిఖీ ఉంటుంది. పండు ఈగ భయంతో అక్కడ పళ్లన్నీ తీసి పారేయిస్తారు, మామిడిపండని జాలి చూపరు.

సొంతానికి కొనాలనిపిస్తే

కొంతకాలం నడిపాక ఈ పురుగు కుట్టకుండా ఉండదు. విక్టోరియాలో పాతికేళ్లు దాటిన బండిని క్లబ్బు పర్మిట్ మీద ఏడాదికి 45 లేదా 90 రోజులు నడపవచ్చు, ప్రతిరోజూ లాగ్‌బుక్‌లో రాయాలి. అది సరదాకే, కిరాయికి కాదు. మెల్‌బోర్న్ నుంచి ఆల్బరీ వైపు పాత హ్యూమ్ రోడ్డు మీద పాత లారీలన్నీ కలిసి పోయే ‘క్రాలిన్ ద హ్యూమ్’లో ఒకసారి నిలబడి చూడండి. ఎవరి బండి ఎలా ఉందో, ఎవరు నిజం చెబుతారో అక్కడ తెలుస్తుంది.

బండి చూడబోతే ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి. మీరు చేరేసరికే వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ఇంజను వేశాక ఆయిలు పోసే మూత తీసి చూడండి, పొగ గుప్పుగుప్పున తోస్తుంటే పిస్టను రింగులు అరిగాయి. రేడియేటరులో నూనె జిడ్డు తేలిందా, డిప్‌స్టిక్ మీద పాలరంగు నురగ ఉందా చూడండి. ట్రైలరును మోసే టర్న్‌టేబుల్ దగ్గర ఛాసిస్ మీద, కమానుకట్టలు వేలాడే బ్రాకెట్ల దగ్గర రంగు కొత్తగా వేసి ఉంటే గోటితో గీరండి, పగుళ్లు దాచేది అక్కడే.

చివరగా ఫ్యూయల్ పంపు మీద చూడండి. ఇంజనును ఆపే కరెంటు వాల్వు మీద చిన్న మర ఉంటుంది. దారిలో కరెంటు పోయి ఇంజను ఆగిపోతే, ఆ మరను వేళ్లతో లోపలికి తిప్పితే వాల్వు తెరుచుకుని డీజిలు మళ్లీ అందుతుంది, ఊరు చేరవచ్చు. అమ్మేవారిని ఆ మర తిప్పి చూపించమనండి. తుప్పుతో పట్టేసి ఉంటే పంపు ధర తగ్గించుకుని బేరం మొదలుపెట్టండి.